స్టైల్ ఉండాలి, దెబ్బ బరువూ తెలియాలి. ఏ థ్రిల్లర్లు చూడమంటారు?

రెండో ఆట:

అందరికీ నమస్కారం. పోయిన నెల నేనూ మా ఆవిడా ‘జాన్ విక్’ నాలుగు భాగాలూ వరసపెట్టి చూశాం. మొదటి భాగం ఇద్దరికీ తెగ నచ్చింది. నాలుగోదానికి వచ్చేసరికి తను సగంలో నిద్రపోయింది. అందులో ఒక ఫైట్ మొత్తం ఇంటి పైకప్పు తీసేసినట్టు పైనుంచి చూపిస్తారు కదా, దానికోసం మాత్రం లేపాను. కళ్లు నులుముకుని చూసి, ‘ఇంకోసారి పెట్టు’ అంది.

అప్పటి నుంచి అలాంటి సినిమాలు వెతుకుతున్నాం. దొరికేవన్నీ ఒకే మూస. హీరో నడిస్తే స్లో మోషన్, గన్ తీస్తే స్లో మోషన్, తల తిప్పినా స్లో మోషన్. బీజీఎం చెవులు పగిలేలా మోగుతుంది. వందమంది గాల్లోకి లేస్తారు. సినిమా అయ్యాక ఎవరు పోయారో, ఎందుకు పోయారో ఒక్కటీ గుర్తుండదు. రక్తం మాత్రం ఏరులై పారుతుంది.

మాకు కావలసింది ఇది: రాత్రి వెలుగులు, తక్కువ మాటలు, తన పని తనకు బాగా తెలిసిన మనిషి. హింస ఉండొచ్చు, ఎక్కువే ఉండొచ్చు. కానీ దెబ్బ తగిలితే తగిలినట్టు ఉండాలి. ‘జాన్ విక్’లో నాకు అన్నిటికంటే నచ్చింది అతను తుపాకీలో గుళ్లు అయిపోయాయని గమనించి మళ్లీ నింపుకునే తీరు. ఏ భాషైనా పర్వాలేదు, సబ్‌టైటిల్స్ అలవాటే. ఒక్కటే షరతు, మనిషిని కట్టేసి గంటసేపు హింసించే సినిమాలు వద్దు. మా ఆవిడ లేచి వెళ్లిపోతుంది. నేనూ చూడలేను.

కత్తెర:

రెండో ఆట గారూ, మీ ప్రశ్న పొద్దున చూశాను. రోజంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. నేను పదకొండేళ్లుగా ఎడిటింగ్ రూములో ఉన్నాను. మీరు చెప్పిన ఆ మూస ఎలా తయారవుతుందో దగ్గర్నుంచి చూసినవాణ్ని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఒక సినిమాకి ఫైట్ సీన్ కట్ చేశాం. పేరు చెప్పను. హీరో పిడికిలికీ అవతలివాడి మొహానికీ మధ్య జానెడు ఖాళీ. రిహార్సల్ చేయడానికి ఆయన డేట్లు ఇవ్వలేదు. అందుకని ఏ షాటూ ఎనిమిది ఫ్రేములు దాటకూడదని మాకు చెప్పారు. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు, అంటే ఒక్కో షాటు సెకనులో మూడో వంతు. పిడికిలి, మొహం, పగిలే గాజు, మళ్లీ పిడికిలి. ఖాళీ కనపడకుండా పోయింది. దాంతోపాటు ఎవరు ఎక్కడ నిలబడ్డారో, తలుపు ఎటుందో, ఎంతమంది మిగిలారో, అన్నీ పోయాయి. ఆ సీనులో కిందపడి భుజం ఎముక జారిన ఫైటర్ ఒకాయన ఉన్నాడు. ఆయన పడిన పాటు తెర మీద ఆరు ఫ్రేములు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే నా దృష్టిలో స్టైలంటే చూపించే ధైర్యం. కెమెరా వెనక్కి జరిగి, మనిషిని తల నుంచి కాలి దాకా చూపించి, కట్ చేయకుండా ఆగగలగడం. ‘జాన్ విక్’ మీకు ఎందుకు నచ్చిందో కూడా ఇందులోనే ఉంది. దాని దర్శకుడు చాడ్ స్టాహెల్‌స్కీ ‘మేట్రిక్స్’లో కియాను రీవ్స్‌కి స్టంట్ డబుల్. దెబ్బలు తిన్న మనిషి కెమెరా పట్టాడు. ఫైటర్ ఎంత కష్టపడ్డాడో అంతా తెర మీద కనపడాలన్న పట్టుదల ప్రతి షాటులో ఉంటుంది.

ఇక మొదలుపెట్టండి. ముందు ‘హార్డ్ బాయిల్డ్’, 1992, హాంకాంగ్, జాన్ వూ. రెండో సగం దాదాపు అంతా ఒక ఆసుపత్రిలో. అందులో రెండున్నర నిమిషాలు దాటే షాటు ఒకటుంది, ఒక్క కట్ కూడా లేదు. చౌ యున్-ఫాట్, టోనీ లెంగ్ ఇద్దరూ కాల్చుకుంటూ కారిడార్లలో పోతారు, లిఫ్ట్ ఎక్కుతారు, ఇంకో అంతస్తులో దిగి మళ్లీ కాల్చడం మొదలుపెడతారు. నిజానికి వాళ్లు దిగింది అదే సెట్లో. లిఫ్ట్ తలుపులు మూసి ఉన్న ఆ ఇరవై సెకన్లలో బయట యూనిట్ వాళ్లు పరుగులు పెట్టి పగిలినదంతా ఊడ్చేసి, అది వేరే అంతస్తులా కనపడేట్టు మార్చేశారు. మొదటిసారి ఈ సంగతి తెలిసి మళ్లీ చూసినప్పుడు నాకు లిఫ్ట్ లోపలే ఎక్కువ టెన్షన్ అనిపించింది. ఎందుకంటే అప్పుడే టోనీ లెంగ్ పొరపాటున ఒక పోలీసుని కాల్చేసి ఉంటాడు. లిఫ్టులో అతని మొహం చూడండి. కట్ లేదు కాబట్టి ఆ మొహం నుంచి మనం తప్పించుకోలేం. ఎవరిని కాల్చాడో అర్థమయ్యేలోపే తలుపులు తెరుచుకుంటాయి, మళ్లీ తుపాకులు. నేను చూసిన వాటిలో ఇంత కాల్పుల మధ్య ఒక మనిషి పశ్చాత్తాపం ఇంత స్పష్టంగా పట్టుకున్న షాటు ఇంకోటి లేదు.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ‘ల సమురాయ్’ ఉంటుంది. 1967, ఫ్రాన్స్, జాన్-పియెర్ మెల్విల్. అలాన్ దెలాన్ కిరాయి హంతకుడు. మొదటి పది నిమిషాలు దాదాపు మాటే లేదు. బూడిదరంగు గది, పంజరంలో పిట్ట, మంచం మీద సిగరెట్ తాగుతూ మనిషి. లేచి, అద్దం ముందు టోపీ అంచు వేలితో సరిచేసుకుని బయటికి వెళ్తాడు. వీధిలో ఆగి ఉన్న కారెక్కి, పెద్ద తాళాల గుత్తి పక్క సీటు మీద పెట్టుకుని, ఒక్కొక్క తాళమే పెట్టి చూస్తుంటాడు. పట్టలేదు. ఇంకోటి. పట్టలేదు. ఆ సేపంతా తాళాల వైపు చూడడు. వాన పడుతున్న అద్దంలోంచి ఎదురుగా చూస్తూనే ఉంటాడు. ఇందులో రక్తం చాలా తక్కువ, హింస అడిగారు కదా అంటారేమో. కానీ మీరు అడిగిన ‘తన పని తనకు తెలిసిన మనిషి’ తెర మీద పుట్టింది ఇక్కడేనని నేను నమ్ముతాను. తర్వాత వచ్చిన సూటు వేసుకున్న హంతకులందరూ ఈయన బంధువులే.

వాళ్లలో దగ్గరి బంధువు ‘డ్రైవ్’ హీరో, 2011, నికొలస్ విండింగ్ రెఫ్న్. ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి దీనికే. మొదటి సీను ఒక్కటి చాలు. దొంగలు లోపలికి వెళ్లారు, ఇతను కారులో ఎదురుచూస్తుంటాడు. చేతి గడియారం విప్పి స్టీరింగుకి కట్టాడు. ఐదు నిమిషాలు మాత్రమే ఆగుతాడు. రేడియోలో బాస్కెట్‌బాల్ కామెంటరీ, పక్కన పోలీసుల వైర్‌లెస్ మాటలు వినే స్కానర్. ఇదేంటి, దొంగతనం మధ్యలో ఆట వింటున్నాడు అనుకుంటాం. పోలీసులు వెంటపడతారు, వంతెన కింద దాక్కుంటాడు, మళ్లీ కదులుతాడు. చివరికి కారు తెచ్చి పెట్టేది అప్పుడే ఆట ముగిసి జనం బయటికి వస్తున్న స్టేడియం పార్కింగులో. టోపీ పెట్టుకుని ఆ గుంపులో కలిసిపోతాడు. కామెంటరీ ఎందుకు విన్నాడో అప్పుడు అర్థమవుతుంది. ఎవరూ వివరించకుండానే ఇతను ఎంత తెలివైనవాడో చెప్పేశారు. కానీ ముందే చెప్తున్నా, రెండో సగంలో హింస చాలా ఘోరంగా ఉంటుంది. ముఖ్యంగా లిఫ్ట్ సీను. ముద్దు, ఆ వెంటనే బూటు కాలు. మీ ఆవిడకి ముందే చెప్పి ఉంచండి. అయితే అది క్షణాల్లో అయిపోతుంది, సాగదీయడు. ఆ తర్వాత లిఫ్ట్ బయట నిలబడి అమ్మాయి అతన్ని చూసే చూపే అసలు దెబ్బ.

‘హీట్’ (1995) గురించి ఎవరైనా రాస్తారు కాబట్టి వదిలేస్తున్నా. కొరియన్‌వి రెండు. ‘ఎ బిటర్‌స్వీట్ లైఫ్’, 2005, కిమ్ జీ-ఊన్. ఒక హోటల్ మేనేజర్, బాస్‌కి కుడిభుజం. పైన లాంజిలో కూర్చుని స్వీటు తింటుంటాడు. కింద గొడవ అని కబురొస్తుంది. ఇంకో చెంచా నోట్లో పెట్టుకుని లేచి, ఆ మెరిసే హోటల్లోంచి నడుచుకుంటూ కిందికి దిగుతాడు. ఆ నడకలో అతని పొగరంతా తెలిసిపోతుంది. సినిమా మొత్తం ఆ పొగరు విరగడం గురించే. మధ్యలో అతన్ని పట్టుకుని కొట్టే ఘట్టం ఒకటుంది, చేతులకి దెబ్బలు. మీ షరతుకి అది సరిహద్దు మీద ఉంటుంది. ‘ఓల్డ్‌బాయ్’ (2003) మాత్రం మీరు ఒంటరిగా చూడండి. కారిడార్లో సుత్తి పట్టుకుని చేసే ఫైటు మూడు రోజులు, పదిహేడు టేకులు తీశారు. అందులో హీరో అలసిపోతాడు. వీపులో కత్తి దిగి ఉంటుంది, ఊపిరి అందక వంగిపోతాడు, కొట్టేవాళ్లు కూడా ఆయాసంతో ఆగిపోతారు. ఆ ఆయాసమే దాని గొప్పతనం. కథ ముడి విప్పాక మాత్రం రెండు రోజులు మనసు బాగుండదు.

మూడో వరుస:

కత్తెర గారి రాతంతా శ్రద్ధగా చదివాను. ఒక్కచోట ఒప్పుకోలేను. కట్ చేయకపోవడమే ధైర్యమంటే జపాన్ దర్శకుడు తకేషి కితానో ఎక్కడికి పోవాలి? ‘సొనాటిన్’ (1993) చూడండి. రాసింది, తీసింది, ఎడిట్ చేసింది, నటించింది అన్నీ ఆయనే. ముఠా వాళ్లు ఒకినావాలో సముద్రం ఒడ్డున దాక్కుని పనిలేక పిల్లల్లా ఆడుకుంటారు. కాగితం బొమ్మలతో కుస్తీ, రాత్రిపూట బాణసంచాతో యుద్ధం. మధ్యలో ఎప్పుడో, హెచ్చరిక లేకుండా ఒకడు చచ్చిపోతాడు. కాల్పుల్లో కూడా ఎవరూ గెంతరు, దొర్లరు. నిలబడి కాలుస్తారు, నిలబడే పడిపోతారు. చివరి కాల్పులైతే దాదాపు లోపల చూపించనే చూపించడు. చీకట్లో కిటికీల్లో మెరుపులు, అంతే. చూపించకపోవడం కూడా ధైర్యమే కదా సార్.

మన దగ్గరికొస్తే ‘శివ’ని మర్చిపోయారేమిటి? 1989. సైకిల్ చైన్ లాగిన సీను అందరికీ తెలుసు. నాకు దానికంటే పెద్దది సైకిల్ మీద చిన్నపిల్లని కూర్చోబెట్టుకుని శివ సందుల్లో పారిపోయే ఘట్టం. వెనక రౌడీల కారు. పరిగెత్తుతూ తీసినా కెమెరా కుదుపులు తెలియకుండా చేసే స్టెడీకామ్ అంటే ఏమిటో మనలో చాలామందికి తెలియని రోజులవి. అప్పటిదాకా కొట్టేవాడిగా చూసిన మనిషి, ఆ పిల్ల ఉండటంవల్ల మొదటిసారి భయపడతాడు. ఆ భయం తెలియబట్టే తర్వాత కొట్టిన ప్రతి దెబ్బకీ బరువొచ్చింది.

చెవిపోగు:

నేను సౌండ్ మనిషిని, ఒక్క మాట చెప్పి పోతా. ‘హీట్’లో బ్యాంకు బయట కాల్పులు జరిగే సీను మంచి స్పీకర్లలో వినండి, ఫోన్లో వద్దు. సాధారణంగా తుపాకీ శబ్దాలు తర్వాత స్టూడియోలో అతికిస్తారు. దర్శకుడు మైకేల్ మన్ మాత్రం లాస్ ఏంజలిస్ వీధిలో షూటింగప్పుడు రికార్డయిన శబ్దాన్నే ఉంచాడు. అద్దాల మేడల మధ్య పేలిన తూటా గోడ నుంచి గోడకి తగిలి తిరిగొస్తుంది. బీజీఎం లేదు. ఆ వీధి ఎంత వెడల్పో కళ్లు మూసుకుని చెప్పగలం.

‘నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్’ (2007) కూడా పెట్టుకోండి. సంగీతం దాదాపు లేనట్టే. హోటల్ గదిలో లైటు ఆర్పేసి మంచం మీద కూర్చున్న మనిషి, తలుపు కింద సందులో వెలుగు, ఆ వెలుగులో రెండు కాళ్ల నీడ. నీడ పక్కకి జరుగుతుంది. కాసేపటికి వరండాలో బల్బు కూడా ఆరిపోతుంది. అప్పటిదాకా ఒక్క తూటా పేలలేదు, నా చేతులు మాత్రం చెమటలు పట్టేశాయి.

కత్తెర:

మూడో వరుస గారూ, ‘సొనాటిన్’ విషయంలో మీరన్నదే నిజం. నేను ‘కట్ చేయకుండా’ అని తొందరపడి రాశాను. ఎనిమిది ఫ్రేముల ముక్కలు దాచడానికి చేసినవి. కితానో కిటికీ బయట ఆగిపోవడం దాచడం కాదు. లోపల ఏం జరుగుతోందో మనకి పూర్తిగా తెలుసు, కాబట్టి ఆ మెరుపులే చాలు. ‘శివ’లో సందుల సీను గురించి మీరు రాసింది చదివాక రాత్రి ఆ ఒక్క ఘట్టం మళ్లీ పెట్టుకుని చూశాను. సందు మలుపులు ఒక్కటి కూడా కంగారు పెట్టవు. కారు ఎంత దగ్గరికొచ్చిందో ప్రతిసారీ తెలుస్తుంది.

రెండో ఆట:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. వారం రోజుల్లో మూడు చూశాం, అందుకే మళ్లీ వచ్చాను.

మొదట ‘ల సమురాయ్’. మాటల్లేని పది నిమిషాలకి మా ఆవిడ విసుక్కుంటుందేమో అని భయపడ్డాను. తాళాల దగ్గర తను ముందుకి వంగి కూర్చుంది. తర్వాత ఆ పిట్ట విషయం నాకంటే ముందు తనే పట్టేసింది. అతను లేనప్పుడు గదిలోకి ఎవరో వచ్చారని పిట్ట రాలిన ఈకలు చూసి తెలుసుకుంటాడు కదా, అతను కనిపెట్టకముందే తను ‘ఆ పంజరం కింద చూడమను’ అంది.

‘హీట్’ దాదాపు మూడు గంటలు, రెండు రాత్రులు పట్టింది. చెవిపోగు గారు చెప్పినట్టు టీవీకి స్పీకర్లు తగిలించి చూశాం. ఆ కాల్పులకి కిటికీ అద్దాలు అదిరాయి. కానీ మా ఇద్దరికీ గుర్తుండిపోయింది కాఫీ సీను. పోలీసు, దొంగ ఎదురెదురుగా కూర్చుని, అవసరమైతే నిన్ను చంపడానికి వెనకాడనని ఒకరికొకరు మర్యాదగా చెప్పుకుంటారు. అది విన్నాక ఇద్దరిలో ఎవరికీ ఏమీ కాకూడదనిపించింది. ‘డ్రైవ్’ లిఫ్ట్ సీను ముందే చెప్పాను కాబట్టి తను చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మాయి చూపు కోసం వేళ్లు తీసి చూసింది.

ఇప్పుడు ‘ది రెయిడ్’ చూడొచ్చా? చాలామంది చెప్తున్నారు. కానీ అంతా కొట్టుకోవడమే అంటున్నారు.

కత్తెర:

చూడొచ్చు, మీ ఆవిడతో కలిసే చూడొచ్చు, నాకు ధైర్యం ఉంది. 2011, ఇండోనేషియా సినిమా, తీసింది వేల్స్ నుంచి వెళ్లిన గారెత్ ఎవన్స్. పోలీసు దళం ఒక అపార్టుమెంటులోకి వెళ్తుంది, పై అంతస్తులో డాన్. కథ అంతకంటే పెద్దగా లేదు. వాళ్లు వాడే విద్య పెంచాక్ సిలాట్, అక్కడి సొంత యుద్ధవిద్య. హీరో ఇకో ఉవైస్, మ్యాడ్ డాగ్ పాత్ర వేసిన యయాన్ రుహియాన్ ఇద్దరే ఫైట్లు కూర్చారు. నటించేవాళ్లకే విద్య వచ్చినప్పుడు మా ఎడిటర్లకి దాచాల్సిన పని ఉండదు.

దెబ్బలు లెక్కకి మించి ఉంటాయి, నిజమే. అయితే నన్ను పట్టేసింది ఎవరూ కొట్టుకోని ఒక నిమిషం. గాయపడ్డ సహచరుడితో హీరో గోడ వెనక ఇరుకు సందులో దాక్కుని ఉంటాడు. అవతల గదిలో కొడవళ్లు పట్టుకున్నవాళ్లు. వాళ్లలో ఒకడికి అనుమానమొచ్చి గోడలోకి కత్తి పొడుస్తాడు. ఒకసారి, ఇంకోసారి. మూడోచోట దిగిన మొన హీరో చెంప కోసేస్తుంది. అరవకూడదు. అంతకంటే పెద్ద చిక్కు, కత్తి వెనక్కి లాగితే మొన మీద రక్తం కనపడుతుంది. బయటికి పోతున్న ఆ కత్తిని పట్టుకుని రక్తం తుడిచేస్తాడు. అవతలివాడికి శుభ్రమైన కత్తే దొరుకుతుంది.

అది అయ్యాక ‘థీఫ్’ పెట్టుకోండి, 1981, ‘హీట్’ తీసిన మైకేల్ మన్‌దే. ఇనప్పెట్టెలు కోసే దొంగ కథ, టాంజరీన్ డ్రీమ్ అనే బృందం సంగీతం. అందులో పనిముట్లు నిజమైనవే. ఇనుము కరిగి నిప్పురవ్వలు రాలుతుంటే చాలాసేపు అలాగే చూపిస్తాడు. పని పూర్తయ్యాక హీరో జేమ్స్ కాన్ మొహం మీది మాస్కు తీసి, ఒక కుర్చీ లాక్కుని కూలబడి సిగరెట్ వెలిగించుకుంటాడు. ఆ షాటు చూశాక మీ ఆవిడ ఏమన్నదో మాత్రం ఇక్కడికొచ్చి రాయండి.